ఇమామ్ గజాలీ ఎంచుకున్న ఒక్క పని

ఇరాన్‌లోని తూస్‌లో పుట్టిన ఇమామ్ గజాలీ (రహ్మలై) 1091లో బాగ్దాద్ నిజామియా మదర్సాలో ఆచార్యులయ్యారు. మూడు వందల మంది శిష్యులు, దర్బారులో గౌరవం. అయినా మనశ్శాంతి లేదు. తన బోధన అల్లాహ్ కోసమా, పేరు కోసమా అన్న ప్రశ్న వేధించింది. పదవిలో ఉండలేరు, వదులుకోలేరు. 1095లో ఆరు నెలలు ఇలాగే నలిగిపోయారు. చివరికి నోట మాట ఆగింది, ముద్ద దిగలేదు. వ్యాధి మనసుదని వైద్యులు తేల్చారు.

అప్పుడాయన ఆత్మశుద్ధి ఒక్కటే ముందనుకున్నారు. పిల్లల పోషణకు సరిపడా ఉంచి, మిగతా ధనం పంచిపెట్టి, డమాస్కస్ వెళ్లి మసీదు మినారులో ఏకాంతంగా ఆరాధనలో గడిపారు. ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ గ్రంథం ఈ మలుపు తర్వాతిదే. 1106లో నీషాపూర్‌లో మళ్లీ పాఠాలు చెప్పారు. 1111లో తూస్‌లో పరమపదించారు.

సోదర సోదరీమణులారా! బాధ్యతలు వదిలేయమని కాదు. పది చింతలు చుట్టుముట్టినప్పుడు ముందు చేయవలసిన ఒక్కదాన్ని తేల్చుకుంటే మనసు కుదుటపడుతుంది.