దీపావళి మరునాటి గౌతమస్వామి

దీపావళి అమావాస్య సాయంకాలమునకు నిజాంపురాలో మరమగ్గముల చప్పుడు తగ్గిపోవును. భివండీ పట్టణమున ఏడాది పొడుగున రాత్రింబగళ్ళు ఆడు మగ్గములు ఈ నాలుగు దినములు సెలవు పుచ్చుకొనును. తెలంగాణా జిల్లాలనుండి వచ్చిన నేతపనివారు బతుకమ్మకు, దసరాకు ఊళ్ళకు పోయి తిరిగివచ్చి యుందురు. బీహారు, ఉత్తరప్రదేశముల వారు దీపావళికి, దాని వెనుక వచ్చు ఛఠ్ పూజకు రైలెక్కుదురు. కోరాబట్ట, నూలు వ్యాపారము చేయు జైనుల కొట్లలో మాత్రము ఆ సాయంకాలము పని ముగియదు. క్రొత్త చోపడాలను పీటపై నుంచి, కుంకుమతో స్వస్తికము వేసి, శ్రీకారములను గోపురము వలె ఒకదాని క్రింద నొకటి పేర్చి, గౌతమస్వామి లబ్ధి తమకు కలుగవలెనని వ్రాయుదురు. శాలిభద్రుని ఋద్ధి, అభయకుమారుని బుద్ధి, బాహుబలి బలము, కయవన్నా సేఠు సౌభాగ్యము కూడ కోరుదురు. 1989 నుండి ఆదాయపు పన్ను లెక్కలన్నియు మార్చి 31వ తేదీతోనే ముగియుచున్నవి. చిట్టా, ఆవర్జా రెండును కంప్యూటరులోనికి పోయినవి. అయినను దీపావళి నాటి ఆ మొదటి పుట మారలేదు.

ఆ పుట వ్రాయు పిల్లలలో గౌతమస్వామి యనగా గౌతమ బుద్ధుడే యనుకొను వారు ఇప్పటికిని కలరు. పెద్దలు సరిదిద్దుటకు తీరిక చేసికొనరు. ఇద్దరును దాదాపు ఒకే కాలమున మగధ సీమలో తిరిగిన వారే గాని, బుద్ధుడు శాక్య రాజకుమారుడు; గౌతమస్వామి బ్రాహ్మణ పండితుడు, శ్రమణ భగవాన్ మహావీరస్వామి వారి మొదటి గణధరుడు. ఆయన అసలు పేరు ఇంద్రభూతి. గౌతమ మన్నది గోత్రము.

నలందా చెంతనున్న గోబ్బర గ్రామమున, వసుభూతి, పృథ్వీదేవి యను దంపతులకు ఆయన జన్మించిరి. అగ్నిభూతి, వాయుభూతి యనువారు తమ్ములు. ముగ్గురును వేదవేదాంగములు చదివిన దిట్టలు. ఒక్కొక్కరి వద్ద 500 మంది శిష్యులు. ఇంద్రభూతి ఏబదియేండ్ల వయసు వరకు ఆ పాండిత్యముతోనే, ఆ ప్రతిష్ఠతోనే గడపిరి. వాదమున తమను గెలిచినవాడు లేడని ఆయనకు గట్టి నమ్మకము. లోపల మాత్రము ఒక శంక యుండెను. దేహము కన్న వేరైన జీవుడున్నాడా లేడా యన్నది ఆయనకు తేలలేదు. వేదమున ఒకచోట ఒక విధముగను, వేరొకచోట మరొక విధముగను అర్థమగుచుండెను. అంతటి పండితుడు తన శంకను ఎవరిని అడుగగలడు? అడిగిన పరువు పోవును. అందుచేత అది ఏండ్ల తరబడి ఆయనలోనే యుండిపోయినది.

క్రీ.పూ. 557 ప్రాంతమున సోమిలుడను సంపన్న బ్రాహ్మణుడు పావాపురిలో గొప్ప యజ్ఞము తలపెట్టెను. ఇంద్రభూతి మొదలుగా 11 మంది పండితులు, వారి శిష్యులు 4400 మంది అచ్చట చేరిరి. సరిగా అప్పుడే, కేవలజ్ఞానము పొందిన మరునాడు, వైశాఖ శుద్ధ ఏకాదశినాడు, మహావీరస్వామి వారు ఆ ఊరి వెలుపలి మహాసేన వనమునకు విచ్చేసిరి. ఆకాశమునుండి దేవతలు దిగుట చూచి, వారు తమ యజ్ఞమునకే వచ్చుచున్నారని పండితులు సంతోషించిరి. దేవతలు యజ్ఞశాలను దాటిపోయిరి. ఇంద్రభూతికి కోపము వచ్చినది. ఎవడో ఇంద్రజాలికుడు లోకమును మోసగించుచున్నాడని, అతనిని వాదమున ఓడించి వత్తునని 500 మంది శిష్యులతో బయలుదేరిరి.

సమవసరణమున అడుగు పెట్టగానే స్వామివారు ఆయనను పేరుతో, గోత్రముతో పిలిచిరి. తన పేరు తెలియని వారెవరని ఇంద్రభూతి మొదట సమాధానము చెప్పుకొనిరి. వెంటనే స్వామివారు, ఆయన ఎవ్వరికిని చెప్పని ఆ శంకను పేర్కొని, వేదవాక్యములకే సరియైన అర్థము చెప్పి తీర్చిరి. వాదమునకు వచ్చినవారు అక్కడికక్కడే దీక్ష పుచ్చుకొనిరి. అన్న తిరిగి రాకపోవుట చూచి తమ్ములును, వారి వెనుక మిగిలిన పండితులును వచ్చిరి. ఆ ఒక్క దినమున 11 మంది గణధరులైరి. ఇది శ్వేతాంబర గ్రంథముల కథ. దిగంబర సంప్రదాయమున ఈ కలయిక రాజగృహమందలి విపులాచలముపై జరిగినది. తగిన గణధరుడు లేనందున 66 దినములు వెలువడని దివ్యధ్వని, ఇంద్రభూతి రాకతో ఉత్తరదేశపు శ్రావణ బహుళ పాడ్యమినాడు వెలువడినది. ఎట్లు చూచినను ఆ వాణిని గ్రంథముగా కూర్చినవారిలో మొదటివారు ఆయనయే.

అటుపిమ్మట 30 సంవత్సరములు గౌతమస్వామి గురువును విడువలేదు. రెండేసి దినములు ఉపవసించుట, మూడవ దినమున భిక్షకు పోవుట, తెచ్చినది గురువునకు చూపి పారణ చేయుట ఆయన నియమము. నాలుగు జ్ఞానములు గలిగి, పదునాలుగు పూర్వములు తెలిసియు, తెలియనివాని వలె ప్రశ్నలడుగుచుండిరి. భగవతీ సూత్రమున అట్టి ప్రశ్నలు 36,000 అని లెక్క చెప్పుదురు. శ్రావస్తిలోని తిందుక వనమున పార్శ్వనాథ పరంపరకు చెందిన కేశి శ్రమణుని కలిసినప్పుడు, తాము అధిక సంఖ్యలో నున్నామని గాని, తమ గురువు ప్రత్యక్షముగా నున్నాడని గాని చూడక, పెద్ద పరంపర వారని తామే వెళ్ళి దర్శించిరి.

ఆయన జీవితమున వ్యాపారస్థులకు ముఖ్యముగా తెలియవలసినది ఆనంద శ్రావకుని ఘట్టము. ఉపాసకదశాంగమున మొదటి కథ అదియే. వాణిజ్యగ్రామమున ఆనందుడను గృహపతి యుండెను. అతని ధనము 12 కోట్ల బంగారు నాణెములు. నాలుగు కోట్లు నిధిగా దాచియుంచెను, నాలుగు కోట్లు వడ్డీ వ్యాపారములలో త్రిప్పుచుండెను, నాలుగు కోట్లు ఇంటి సరంజామాలో నుండెను. పదివేల చొప్పున నాలుగు ఆవుమందలు కలవు. మహావీరస్వామి వారి వద్ద 12 వ్రతములు పుచ్చుకొని, ఆస్తికి హద్దు వేసికొని 14 ఏండ్లు గడపెను. పిమ్మట పెద్ద కుమారునకు ఇంటి భారము అప్పగించి, కొల్లాగ మను పేటలోని పౌషధశాలలో కఠిన నియమములతో శరీరమును కృశింపజేసెను. తుదకు సంలేఖన వ్రతమున నుండగా అతనికి అవధిజ్ఞానము కలిగెను. కంటి సాయము లేకయే దూరమునున్న వస్తువులను తెలిసికొను జ్ఞానమది.

భిక్షకు వచ్చిన గౌతమస్వామి జనము చెప్పుకొనుట విని అతనిని చూడబోయిరి. లేవలేని ఆనందుడు ఆయనను దగ్గరకు రమ్మని వేడి, పాదములకు తల తాకించి, తనకు కలిగిన జ్ఞానము తూర్పున, దక్షిణమున, పడమట లవణ సముద్రమున 500 యోజనముల వరకును, ఉత్తరమున హిమవంతము వరకును చూడగలుగుచున్నదని చెప్పెను. గృహస్థునకు అవధిజ్ఞానము కలుగవచ్చును గాని అంత విస్తారముగా కలుగదని, పొరపాటు చెప్పినందుకు ప్రాయశ్చిత్తము చేసికొనుమని గౌతమస్వామి పలికిరి. ఆనందుడు వినయముగానే, సత్యము చెప్పినవానికి జినశాసనమున ప్రాయశ్చిత్తము కలదా యని అడిగెను. లేదని వారు చెప్పగా, అట్లయిన ప్రాయశ్చిత్తము తమరే చేసికొనవలసి వచ్చునని విన్నవించెను.

గౌతమస్వామి మనసు కలతపడినది. తిన్నగా దూతిపలాశ చైత్యమునకు పోయి, తెచ్చిన భిక్ష చూపి, జరిగినది చెప్పి, తప్పు ఎవరిదని గురువును అడిగిరి. తప్పు నీదే, పోయి క్షమాపణ కోరుమని స్వామివారు ఆజ్ఞాపించిరి. 14,000 మంది సాధువులకు పెద్ద, నాలుగు జ్ఞానముల వాడు, రెండు దినముల ఉపవాసము మీదనున్నవాడు, పారణ కూడ చేయక వచ్చిన దారినే వెనుదిరిగి, మంచము పట్టిన యొక వ్యాపారిని క్షమాపణ కోరిరి. సాధువు కనబడగానే శ్రావకుడు వంగుట మనము నిత్యము చూచునదే. గణధరుడు శ్రావకుని క్షమ కోరుట ఎక్కడను చూడము. పాత బాకీలో తప్పు మనదని తెలిసియు గుమాస్తాచేత ఉత్తరము వ్రాయించుటకే వెనుదీయు వారము, ఆ పేరును చోపడాలో మొదట వ్రాయుచున్నాము.

లబ్ధి యన్న మాటకు మూలమైన కథ అష్టాపద పర్వతమునకు సంబంధించినది. స్వశక్తితో అష్టాపదమెక్కినవాడు ఆ జన్మముననే ముక్తుడగునని విని గౌతమస్వామి అక్కడికి పోయిరి. తపస్సులతో చిక్కిన 1503 మంది తాపసులు ఎక్కలేక మెట్లపై నిలిచిపోయి యుండిరి. వారు చూచుచుండగనే ఈయన సూర్యకిరణముల నాధారము చేసికొని పైకెక్కి, దర్శించి దిగిరి. తాపసులందరును శిష్యులైరి. వారి పారణకై గౌతమస్వామి చిన్న పాత్రలో పరమాన్నము భిక్ష తెచ్చి, అందులో బొటనవ్రేలుంచి 1503 మందికిని తృప్తిగా వడ్డించిరి. పాత్ర తరుగలేదు. తరుగని ఆ పాత్రయే చోపడాలోని గౌతమస్వామి లబ్ధి. గల్లాపెట్టె కూడ అట్లే తరుగకుండవలెనని మన ఆశ. ఆశపడుటలో తప్పు లేదు గాని, ఆ పాత్ర భిక్షాపాత్ర యనియు, అది నిండుగా నున్నంతసేపు ఆయన వడ్డించుచునే యుండి తాము చివర భుజించిరనియు ఎవరును వ్రాసికొనరు.

ఆ కథకు ఒక చేదు తుది కలదు. పరమాన్నము తినుచు కొందరు, సమవసరణమును చూచి కొందరు, ప్రభువును చూచి కొందరు, ఆ తాపసులందరును కేవలజ్ఞానులైరి. ఆ సంగతి తెలియక గౌతమస్వామి వారిని ప్రభువునకు నమస్కరించుడని చెప్పగా, కేవలులను తక్కువ చేయవలదని స్వామివారు వారించిరి. తాము దీక్ష ఇచ్చిన వారెల్లరు గట్టు చేరుచున్నారు. తాము మాత్రము చేరలేదు. కారణమును గురువు చాలమారులు చెప్పియుండిరి. లోభము లేదు, క్రోధము లేదు. గురువుపైని ప్రేమ ఒక్కటియే మిగిలినది. అదియే అడ్డు. ఆ ప్రేమను విడువుట గౌతమస్వామికి చేతగాలేదు. విడువవలెనని ఆయనకు తోచియు నుండదు.

క్రీ.పూ. 527 లో మహావీరస్వామి వారి చివరి చాతుర్మాస్యము పావాపురిలో, హస్తిపాల రాజు లేఖకశాలలో జరిగినది. గౌతమస్వామి 30 ఏండ్ల క్రిందట వాదమునకు వచ్చిన ఊరే అది. వర్షములు వెనుకబట్టి, శరత్కాలము వచ్చినది. స్వామివారు 16 జాములు ఎడతెగక ఉపదేశించిరి. దానికి ముందే గౌతమస్వామిని పిలిచి, దగ్గరి గ్రామమున దేవశర్మ యను బ్రాహ్మణునికి బోధ చేసి రమ్మని పంపిరి. ఎన్నడు గురువు మాట దాటని వారు గనుక వెళ్ళిరి. ఆ అమావాస్య రాత్రి, స్వాతీ నక్షత్రమున, స్వామివారు నిర్వాణము చెందిరి. కాశీ, కోసల సీమల మల్ల, లిచ్ఛవి గణముల రాజులు 18 మంది అక్కడ ఉపవాసమున నుండిరి. జ్ఞానదీపము వెళ్ళిపోయినది గనుక మట్టిదీపములైనను పెట్టుదమని వారు వెలిగించిన వరుసలే జైనుల దీపావళి యని కల్పసూత్రము వలన తెలియుచున్నది.

తిరిగివచ్చు దారిలో గౌతమస్వామికి వార్త తెలిసినది. ఎనుబదియేండ్ల వృద్ధుడు, వేలమందికి గురువు, దారిలో నిలిచి పసిబిడ్డవలె ఏడ్చిరి. ముప్పది యేండ్లు నీడవలె నున్నవానిని చివరి గడియలో దూరముగా పంపుట న్యాయమా యని గురువును నిందించిరి. కొంగు పట్టుకొని వెంటబడుదునని భయపడితిరా, మోక్షమున నాకు చోటు చాలదనుకొంటిరా యని విలపించిరి. ఇక తన ప్రశ్నలకు ఎవరు జవాబు చెప్పుదురు, తనను గౌతమా యని ఎవరు పిలుతురని దుఃఖించిరి. ఊరంతయు దీపములు; ఆయనకు మాత్రము చీకటి.

రాత్రి గడచుకొలది ఆ దుఃఖమే ఆలోచనగా మారినది. వీతరాగునకు తనవాడు, పరాయివాడు నుండునా? దూరము పంపుట నిర్దయ కాదు. తన పట్టు తెగుటకే. పట్టుకొన్నది తానే గాని ఆయన కాదు. ఈ తలంపుతో 30 ఏండ్లుగా తెగని ముడి తెగినది. తెల్లవారుసరికి, కార్తీక శుద్ధ పాడ్యమినాడు, గౌతమస్వామికి కేవలజ్ఞానము కలిగెను. దిగంబరులు నిర్వాణమును అమావాస్య ఉషఃకాలముననే జరిగినట్లు చెప్పి ఆ వేళ లడ్డూ సమర్పింతురు; గౌతమస్వామి కేవలజ్ఞానమును ఆ సాయంకాలమే పూజింతురు.

ఆ పాడ్యమితోనే వీర నిర్వాణ సంవత్సరము మొదలగును. గుజరాతీల విక్రమ సంవత్సరమునకును అదియే తొలి దినము. ఉత్తరదేశపు గ్రంథములలో కార్తీక అమావాస్య యని చదివి, మన తెలుగు పంచాంగమున ఆశ్వయుజ బహుళ అమావాస్య యని చూచి తికమకపడ నవసరము లేదు; అక్కడ మాసము పూర్ణిమతో ముగియును, ఇక్కడ అమావాస్యతో. దినమొక్కటే. మహారాష్ట్ర ప్రభుత్వపు సెలవుల పట్టికలో పాడ్యమి బలిప్రతిపద పేర కలదు. కనుక గౌతమస్వామి కేవలజ్ఞాన దినమునకు నిజాంపురాలో ఆఫీసులకు, బ్యాంకులకు వేరొకరి పేర సెలవు దొరకుచున్నది. ఆ ఉదయమున 14వ శతాబ్దమున వినయప్రభ ఉపాధ్యాయుడు రచించిన గౌతమ రాసను సాధువుల నోట విని, అటుపిమ్మటనే ఒకరినొకరు పలుకరించుకొందురు. మరునాటి విదియ, తమ్ముని పోగొట్టుకొని అన్నము మానిన నందివర్ధన రాజును చెల్లెలు సుదర్శన తన ఇంటికి పిలిచి భోజనము పెట్టిన దినము. పంచమినాడు జ్ఞానపూజ, కొట్లు మరల తెరచు లాభపంచమియు నదియే.

కేవలులైన గౌతమస్వామి సంఘపు పెద్దరికము పుచ్చుకొనలేదు. గణధరులలో తొమ్మండుగురు ముందే నిర్వాణము పొందియుండిరి. మిగిలిన సుధర్మస్వామి పట్టమునకు వచ్చిరి. గురువు వలన తాను వినినది యని చెప్పి ఆగమమును అందించుట ఆయన వంతైనది. గౌతమస్వామి కార్తీక పూర్ణిమ దాటగానే మరల పాదచారియై మగధ పల్లెలలో 12 సంవత్సరములు విహరించిరి. 92వ ఏట, రాజగృహము చెంత గుణశీల చైత్యమున, మాసోపవాసముతో నిర్వాణము చెందిరి.