రాళ్లలో చరిత్రను చదివిన బ్రూస్ ఫుట్

అనంతపురం జిల్లా అనగానే వర్షాభావం, బీడు భూములు మనకు స్ఫురిస్తాయి. కాని ఈ మెట్టసీమ వేల సంవత్సరాల క్రితమే జనావాసమై విలసిల్లింది. కల్యాణదుర్గం సమీపంలోని ముదిగల్లు వద్ద ఉన్న బృహత్ శిలా సమాధులు అందుకు నిదర్శనాలు. నిలువు బండలపై కప్పుబండను పరచి నిర్మించిన ఇటువంటి కట్టడాలను తెలుగు పల్లెల్లో రాక్షసగుళ్లు అంటారు. అంతటి బండలను ఎత్తడం మానవులకు అసాధ్యమని పూర్వులు తలచారు. ఇటువంటి ఊహల స్థానంలో శాస్త్రీయ పరిశీలనకు బాట వేసిన మహనీయుడు రాబర్ట్ బ్రూస్ ఫుట్.

ఫుట్ 1834లో ఇంగ్లండులో జన్మించారు. 1858లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో చేరారు. శిలలను, ఖనిజాలను పరిశీలించడమే ఆయన ఉద్యోగధర్మం. 1863 మే 30న మద్రాసు సమీపంలోని పల్లావరంలో ఆయనకు ఒక రాతి పనిముట్టు లభించింది. మన దేశంలో పాతరాతియుగపు మానవుడు నివసించాడనడానికి అది తొలి ఆధారమైంది. తరువాత కర్నూలు మండలంలోని బిల్లసర్గం గుహలను తవ్వించి, ప్రాచీన జంతువుల అవశేషాలను వెలికితీశారు.

బళ్లారి మండలంలో ఆయన దృష్టిని బూడిద దిబ్బలు ఆకర్షించాయి. 1882 వరకు అనంతపురం కూడా ఆ మండలంలోనిదే. పాల్వాయి వద్ద ఇటువంటి దిబ్బ ఉంది. అవి రాక్షసులను దహించిన చోట్లని ప్రజలు చెప్పుకునేవారు. నరబలుల శేషాలని కొందరు పండితులు ఊహించారు. పశువుల పేడ కాలి ఏర్పడిన బూడిద అది అని ఫుట్ నిర్ధారించారు. 1957లో పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరులో జరిగిన తవ్వకాలు, అక్కడి దిబ్బ కొత్తరాతియుగపు పశువుల దొడ్డి అని తేల్చి ఆయన అభిప్రాయాన్ని బలపరచాయి.

1891లో పదవీ విరమణ చేసిన ఫుట్ ఏర్కాడులో స్థిరపడ్డారు. తాము సేకరించిన ప్రతి పెంకుకు, ప్రతి రాతికి దొరికిన చోటు వ్రాసి పెట్టుకోవడం ఆయన నియమం. 1904లో మద్రాసు ప్రభుత్వ ప్రదర్శనశాల ఆ సేకరణను కొనుగోలు చేసింది. 1912లో ఆయన మరణించారు. ఆయన రచించిన వివరణ గ్రంథాలు 1914, 1916 సంవత్సరాలలో వెలువడ్డాయి.

దొరికిన చోటు తెలియని కుండపెంకు కేవలం పెంకే. చోటు తెలిస్తే అది చరిత్ర. నిధుల ఆశతో సమాధిని తవ్వినవాడు, ఇంటికోసం కప్పుబండను పగులగొట్టినవాడు ఆ చరిత్రను శాశ్వతంగా చెరిపివేస్తున్నారు. ఒకసారి కదిలించిన రాయి మళ్లీ సాక్ష్యం చెప్పలేదు. మన ఊరి పొలిమేరలోని పాత రాళ్లను ఉన్నచోటనే కాపాడుకోవడం మన కర్తవ్యం.