ఆర్థర్ షిక్ – కుంచె పట్టిన యోధుడు

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో పారశీక సచిత్ర వ్రాతప్రతుల ముందు నిలిచినవారికి ఒక అనుభవం తెలిసే ఉంటుంది. అరచేయంత చోటులో ఒక ఉద్యానవనం, ఒక దర్బారు, ఒక యుద్ధరంగం ఇమిడి ఉంటాయి. లిపి ఏదో, చిత్రం ఏదో విడదీయలేము. ఇట్టి కళను ఇరవయ్యవ శతాబ్దంలో, పోలెండు దేశాన పుట్టిన ఒక యూదుడు తన జీవితధర్మంగా స్వీకరించాడంటే మనకు ఆశ్చర్యం కలుగుతుంది. ఆయనే ఆర్థర్ షిక్. ఉర్దూ, తెలుగు ఒకే సంచికలో పక్కపక్కన అచ్చయ్యే ఈ పుటలలో ఆయన జీవితాన్ని స్మరించుకోవడం ఉచితమని మేము భావించాము.

షిక్ 1894లో లోడ్జ్ నగరంలో జన్మించారు. అది అప్పట్లో రష్యా చక్రవర్తి ఏలుబడిలోని నేతమిల్లుల పట్టణం. తండ్రి సొలొమన్ ఒక బట్టల మిల్లు నిర్వాహకుడు. 1905లో చెలరేగిన కార్మికుల తిరుగుబాటులో ఒక కార్మికుడు ముఖంపై ఆమ్లం చల్లడంతో ఆయన చూపు పోయింది. పదకొండేళ్ల బాలుడు ఆ దుఃఖాన్ని కళ్లారా చూచాడు. అయినా ఆ గాయం అతనిని పేదల శత్రువుగా మార్చలేదు. తర్వాతి కాలంలో ఆయన చిత్రాలలో శ్రమజీవులు గౌరవంతో కనిపించడమే అందుకు సాక్ష్యం.

యౌవనంలో షిక్ పారిస్ వెళ్లి జూలియన్ అకాడమీలో చిత్రలేఖనం అభ్యసించారు. 1914లో కొందరు యూదు కళాకారులతో, రచయితలతో కలిసి పాలస్తీనా పర్యటించారు. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. రష్యా ప్రజ అయిన కారణంగా ఆయన స్వదేశానికి మరలి ఆ సైన్యంలో చేరవలసి వచ్చింది. 1916లో యూలియాను వివాహమాడారు. యుద్ధానంతరం పోలెండు స్వతంత్రమైంది. 1921లో షిక్ కుటుంబంతో పారిస్ చేరుకున్నారు.

ఆయన కీర్తికి మూలస్తంభమైన కృతి అక్కడే రూపొందింది. 1264లో బొలెస్లావ్ అనే ప్రభువు కాలిష్ పట్టణంలో ఒక శాసనం వెలువరించాడు. తన రాజ్యంలోని యూదుల ప్రాణానికి, ఆస్తికి, ఆరాధనకు అది రక్షణ కల్పించింది. ఏడు శతాబ్దాల నాటి ఆ శాసనాన్ని షిక్ 1926 నుండి 1928 వరకు శ్రమించి నలభైఅయిదు పుటల వర్ణచిత్ర గ్రంథంగా తీర్చిదిద్దారు. పాఠాన్ని లాటిను, పోలిష్, హీబ్రూ, యిడ్డిష్ మొదలుగా తొమ్మిది భాషలలో లిఖించారు. పుటల అంచులలో యూదు చేతిపనివారు, పోలెండు స్వాతంత్ర్యానికై కత్తి దూసిన యూదు సైనికులు కనిపిస్తారు. మేమూ ఈ గడ్డ బిడ్డలమేనని, హక్కు భిక్ష కాదని ఆ బొమ్మలు నిశ్శబ్దంగా చెప్తాయి. 1932లో ఈ గ్రంథం అచ్చయింది. 1932–33లో మూలచిత్రాలు పోలెండులోని అనేక పట్టణాలలో ప్రదర్శితమయ్యాయి. ప్రభుత్వం ఆయనకు స్వర్ణ శిలువ పతకాన్ని బహూకరించింది.

మరొకవంక ఆయన అమెరికా స్వాతంత్ర్య సమరాన్ని, జార్జి వాషింగ్టన్‌ను ముప్పదియెనిమిది చిత్రాలలో రూపించారు. వాషింగ్టన్ పక్షాన పోరిన పోలెండు వీరులనూ అందులో మరువలేదు. 1934లో ఆ చిత్రాలను అమెరికా జాతీయ గ్రంథాలయంలో ప్రదర్శించారు. తర్వాత పోలెండు అధ్యక్షుడు వాటిని అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్ట్‌కు కానుకగా పంపాడు. రెండు దేశాల మైత్రికి ఒక చిత్రకారుడు దూత అయిన సందర్భమది.

ఇంతలో జర్మనీలో హిట్లర్ అధికారానికి వచ్చాడు. యూదులు ఈజిప్టు దాస్యం నుండి విముక్తమైన గాథను తమ పండుగనాడు ఇంటింటా పఠిస్తారు. ముస్లిములు హజ్రత్ మూసాగా, క్రైస్తవులు మోషేగా గౌరవించే ప్రవక్త గాథయే అది. ఆ పఠన గ్రంథం హగ్గాదాను షిక్ 1934–36 మధ్య చిత్రించారు. అందులోని క్రూరులకు తొలుత నాజీ చిహ్నాలు తొడిగారు. ప్రచురణకై వాటిని చెరిపివేయవలసి వచ్చింది. 1940లో లండనులో చర్మపత్రాలపై 250 ప్రతులు మాత్రమే వెలువడ్డాయి. ఒక్కొక్కటి వెల నూరు గినీలు.

అదే సంవత్సరం షిక్ అట్లాంటిక్ దాటి అమెరికా చేరారు. హిట్లరును, అతని పరివారాన్ని అపహసించే వ్యంగ్యచిత్రాలు ఆయన కుంచె నుండి వరదలై ప్రవహించాయి. ఇక్కడ లోడ్జ్‌లో మిగిలిన తల్లి నాజీల నరమేధానికి ఆహుతి అయింది. ఆ కడుపుకోత ఆయన గీతలను మరింత పదునెక్కించింది. అయితే మేము సత్యాన్ని దాచరాదు. జపానీయులను చిత్రించినప్పుడు ఆయన యుద్ధోన్మాద నాయకులతోనే ఆగక, ఒక జాతి రూపురేఖలనే హేళన చేశారు. తన జాతికి జరిగిన అవమానంపై పోరాడిన చేయి మరొక జాతి విషయంలో తడబడింది. మహనీయుల జీవితం నుండి వారి లోపమూ మనకు పాఠమే. అదే షిక్ అమెరికాలో నల్లజాతివారి పట్ల సాగిన వివక్షను ధైర్యంగా ఖండించారని కూడా చెప్పుకోవాలి.

మన ఉర్దూ పాఠకులకు ప్రియమైన విశేషం మరొకటి ఉంది. 1940లో ఆయన ఉమర్ ఖయ్యాం రుబాయీలకు పారశీక పద్ధతిలో చిత్రాలు వ్రాశారు. దువ్వూరి రామిరెడ్డి పారశీకం నేర్చి ‘పానశాల’గా తెలుగువారికి అందించినది ఆ రుబాయీలనే. అరేబియా రాత్రుల కథలకు షిక్ వేసిన చిత్రాలు ఆయన మరణానంతరం 1954లో వెలుగు చూచాయి. ఇరానులో పుట్టిన పద్యం నెల్లూరు సీమలో తెలుగై పలికింది, పోలెండు యూదుని చేతిలో రంగులై విరిసింది. కళకు సరిహద్దు కాపలాదారులు లేరు.

1948లో షిక్ అమెరికా పౌరులయ్యారు. 1951లో ఆ దేశపు చట్టసభ విచారణ సంఘమే ఆయన దేశభక్తిని శంకించింది. ఆ ఏడు సెప్టెంబరు 13న గుండెపోటుతో కన్నుమూశారు. చాలా కాలం లోకం ఆయనను మరచినంత పనిచేసింది. 2002లో వాషింగ్టన్‌లో, 2008లో బెర్లిన్‌లో ఆయన చిత్రాల ప్రదర్శనలు జరిగాయి. ఏ నగరం నుండి ఆయన జాతి వినాశానికి ఆజ్ఞలు వెలువడ్డాయో, ఆ నగరమే ఆయన చిత్రాలను గోడలకు అలంకరించుకున్నది.

అల్పసంఖ్యాకుల హక్కు అధికసంఖ్యాకుల దయ కాదనీ, అది దేశచరిత్రలో లిఖితమైన ఒప్పందమనీ షిక్ తొమ్మిది భాషలలో వ్రాసి చూపారు. రెండు లిపులలో చదువుకొనే మన విద్యార్థులు ఆయన పుటల ముందు ఒక క్షణం ఆగుదురు గాక! తమ పొరుగువాని లిపిని సైతం తమదిగా ప్రేమించడం నేర్తురు గాక!