జాన్ రాజు: దురదృష్టవంతుడా, దుష్పరిపాలకుడా?

ఇంగ్లండు చరిత్రలో జాన్ రాజుకు వచ్చినంత అపకీర్తి బహుకొద్దిమంది రాజులకు వచ్చింది. అతని తరువాత ఆ సింహాసనాన్ని అధిష్ఠించినవారిలో ఆ పేరు గల రాజు మరొకడు లేడు. ఇతడు విధివంచితుడా, లేక స్వయంకృతాపరాధాల వల్ల చెడినవాడా అన్నది చరిత్ర విద్యార్థులు నిష్పక్షపాతంగా విచారించదగిన ప్రశ్న.

జాన్ రెండవ హెన్రీకి కడగొట్టు కుమారుడు. రాజ్యభాగాలు అన్నలకే సరిపోగా, ఇతనికి 'భూమిలేని జాన్' అన్న పరిహాస నామం మిగిలింది. అన్న రిచర్డు పాలస్తీనాలో సుల్తాన్ సలాహుద్దీన్‌తో పోరాడి మరలివస్తూ 1192లో ఆస్ట్రియాలో బందీ అయ్యాడు. అతని విడుదలకు 1,50,000 మార్కుల ధనం నిర్ణయమైంది. ఆ భారంతోను, ఆపై ఫ్రాన్సుతో జరిగిన యుద్ధాలతోను ప్రజలు అలసి ఉన్న సమయంలో, 1199లో, రాజ్యం జాన్ చేతికి వచ్చింది. ధరలు పెరిగాయి; సైనికుల జీతాలూ పెరిగాయి. ఎదుట నిలిచిన శత్రువు రాజనీతిలో ఆరితేరిన ఫ్రాన్సు రాజు ఫిలిప్ అగస్టస్. ఇంతవరకు చూస్తే అతడు దురదృష్టవంతుడనే వాదానికి బలం ఉన్నది.

అయితే అదృష్టం అతని వాకిట నిలిచిన రోజు కూడా ఒకటి ఉన్నది. సింహాసనానికి పోటీదారుడైన అన్న కుమారుడు ఆర్థర్ 1202లో మిరబో కోటలో జాన్ తల్లి ఎలినార్‌ను ముట్టడించాడు. జాన్ మెరుపు వేగంతో వచ్చి ఆర్థర్‌ను, అతని పక్షంలోని ప్రముఖులను ఒక్క దెబ్బతో బంధించాడు. అంతటి విజయం అతనికి మరల లభించలేదు. కాని బందీలపట్ల అతడు క్రూరంగా ప్రవర్తించాడు. పదహారేళ్ళ ఆర్థర్ 1203 తరువాత ఎవరి కంటా పడలేదు. జాన్ చంపించాడన్న అనుమానం అంతటా వ్యాపించింది. ఆ విజయానికి తోడ్పడిన విలియం డి రోష్ వంటివారే శత్రుపక్షంలో చేరారు. 1204లో నార్మండీ చేజారింది.

జాన్ సోమరి కాడు. రాజ్యమంతటా సంచరించి స్వయంగా వ్యాజ్యాలు విచారించినవాడు. కాని పోయిన భూమిని మరల గెలవాలన్న పట్టుదలతో, సైనికసేవకు బదులుగా సామంతులు చెల్లించే పన్నును 16 ఏళ్ళలో 11 సార్లు విధించాడు. విలియం డి బ్రియోజ్ అనే సామంతునిపై ఆగ్రహించి, 1210లో అతని భార్యను, కుమారుని చెరలో ఆకలితో చనిపోనిచ్చాడు. 1214లో బూవీన్ వద్ద అతని మిత్రసేనలు ఓడిపోయాయి. మరుసటి సంవత్సరం జూన్‌లో రన్నీమీడ్ మైదానంలో మాగ్నా కార్టాకు తలవంచక తప్పలేదు. న్యాయబద్ధమైన తీర్పు లేనిదే స్వతంత్రుని చెరపట్టరాదన్న నియమం అందులో చేరడం యాదృచ్ఛికం కాదు. కొద్ది వారాలకే పోపు చేత ఆ పత్రాన్ని రద్దు చేయించి, జాన్ అంతర్యుద్ధాన్ని కొనితెచ్చుకున్నాడు. తిరుగుబాటుదారులు ఫ్రెంచి యువరాజు లూయీని రప్పించారు.

1216 అక్టోబరులో జాన్ మరణించాడు. తొమ్మిదేళ్ళ కుమారుడు మూడవ హెన్రీ రాజయ్యాడు. సంరక్షకుడైన విలియం మార్షల్ మాగ్నా కార్టాను సవరించి తిరిగి ప్రకటించగా, తిరుగుబాటుదారులు క్రమంగా మరలివచ్చారు. 1217లో లూయీ దేశం విడిచిపోయాడు. ఖాళీ అయిన ఖజానా అదే, శత్రువు అతడే, సామంతులూ వారే. మారినది రాజు ఒక్కడే.

కనుక జాన్‌కు కష్టకాలం రాసిపెట్టి ఉన్నదనుకున్నా, ఆ కాలంలో తనకు అండగా నిలువవలసిన వారిని దూరం చేసుకున్నది మాత్రం అతడే. దురదృష్టం కొంత నిజం. దుష్పరిపాలన అంతకంటె ఎక్కువ నిజం.