ఆ మందు వెనక భీమవరం బిడ్డ

ఒంటిమీద ఎర్రటి మచ్చ. తామర అనుకుని మెడికల్ షాపులో స్టెరాయిడ్ ట్యూబు కొని రాస్తాం. తగ్గినట్టే తగ్గి మళ్లీ లేస్తుంది. నెలల తరబడి ఇదే తంతయితే చర్మం నుంచి చిన్న ముక్క తీయించి బయాప్సీ చేయించాలి. అరుదుగానైనా అది మైకోసిస్ ఫంగాయిడిస్ కావచ్చు. పేరులో ఫంగస్ ఉన్నా దానికీ దీనికీ సంబంధం లేదు. ఇది చర్మంలో టి-కణాలకు వచ్చే లింఫోమా, అంటే క్యాన్సర్. దీనికి వాడే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. అచ్యుతాపురం సెజ్‌లో మందుల ఫ్యాక్టరీలకు రోజూ డ్యూటీకి వెళ్లేవారిలో ఎందరికి తెలుసో గానీ, ఆ మందు పుట్టుక వెనక ఉన్నది మన యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌనుతో సర్జరీ క్లాసుకు వెళ్లినందుకు తెల్ల ప్రొఫెసర్‌కు కోపమొచ్చింది. ఎంబీబీఎస్ దక్కలేదు, ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకున్నారు. తిన్నది ఒంటబట్టనివ్వని స్ప్రూ అనే విరేచనాల జబ్బు ఇద్దరు అన్నదమ్ములను పొట్టన పెట్టుకుంది. ఆయననూ పట్టింది గానీ, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో తేరుకున్నారు.

1922లో భార్య శేషగిరిని ఇక్కడే ఉంచి బోస్టన్ వెళ్లారు. మళ్లీ తిరిగి రాలేదు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి రక్తంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు, కండరాలకు శక్తినిచ్చే ఏటీపీని గుర్తించారు. అక్కడ పర్మనెంటు ఉద్యోగం మాత్రం రాలేదు. 1940లో లెడర్లీ కంపెనీలో చేరారు. ఫైలేరియాకు మన ఇళ్లకొచ్చి ఇచ్చే డీఈసీ మాత్రా అక్కడ ఆయన బృందం చేసిందే.

1945లో వాళ్లు ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారుచేశారు. స్ప్రూకు మందు దొరికింది! అన్నదమ్ములు పోయి అప్పటికి పాతికేళ్లు దాటింది. కణాలు పెరగాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. మరి దాన్ని అందకుండా చేస్తే క్యాన్సర్ కణాలూ ఆగాలి కదా? అలా వచ్చింది అమినోప్టెరిన్. సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తక్యాన్సర్ పిల్లలకు ఇస్తే, 16 మందిలో 10 మందికి కొంతకాలం జబ్బు వెనక్కి తగ్గింది. 1948 జూన్‌లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఆ ఆగస్టులోనే సుబ్బారావు న్యూయార్క్‌లో నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53.

అమినోప్టెరిన్ తోబుట్టువే మెథోట్రెక్సేట్. సోరియాసిస్‌కూ కీళ్లవాతానికీ కూడా అదే ఇస్తున్నారు. మైకోసిస్ ఫంగాయిడిస్ తొలిదశలో ఉన్నవారికి స్టెరాయిడ్ లేని పైపూతగా పనికొస్తుందేమోనని దాన్ని జెల్‌గా చేసి కొద్దిమందిపై పరీక్షించారు కూడా. పెద్ద చిక్కేమిటంటే, మందు చర్మం పైపొర దాటి లోపలికి సరిగా ఇంకదు. అందుకే ఇప్పటికీ మాత్రగానో ఇంజెక్షన్‌గానో వాడుతున్నారు.

ఈ జబ్బులకు మాత్ర రాసిస్తే వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. దుష్ప్రభావాలు తగ్గడానికి డాక్టరు దానితోపాటు రాసే చిన్న మాత్ర ఫోలిక్ యాసిడే.