క్షతగాత్రుల ఆప్తబంధువు

యుద్ధములలో జయము గాంచిన వీరుల పేర్లు చరిత్రలో పెక్కు కలవు. ఆ యుద్ధములలోనే గాయపడినవారిని బ్రతికించి చిరకీర్తి నార్జించినవారు మాత్రము మిక్కిలి అరుదు. అట్టివారిలో అగ్రగణ్యుడు ఫ్రాన్సు దేశపు శస్త్రవైద్యుడు డొమినిక్ జాన్ లారే. ఆపదలోనున్నవారి కడకు పరుగున వచ్చు ఆంబులెన్సు బండికి మూలపురుషుడు ఇతడే.

లారే 1766వ సంవత్సరము జూలై 8వ తేదీన పిరనీసు పర్వతముల చెంతనున్న ఒక కుగ్రామమున, పేద కుటుంబమున జన్మించెను. చిన్ననాటనే తండ్రిని కోల్పోయిన ఆ బాలుడు తూలూజు నగరమున శస్త్రవైద్యుడుగా నున్న తన తండ్రి సోదరుని కడ చేరి, వైద్యవిద్య నభ్యసించెను. పిదప యుద్ధనౌకపై వైద్యుడై ఉత్తర అమెరికా తీరమునకు పోయివచ్చెను. తరువాత పారిస్ నగరమున ప్రసిద్ధ శస్త్రవైద్యుల కడ తన విద్యకు మెరుగు పెట్టుకొనెను.

1792లో ఫ్రాన్సునకు ఇరుగుపొరుగు రాజ్యములతో యుద్ధము సంభవించెను. లారే రైను నదీతీరమున నున్న సైన్యమున వైద్యుడుగా చేరెను. నాటి నియమము ప్రకారము వైద్యశిబిరము రణరంగమునకు సుమారు నాలుగు కిలోమీటర్ల దూరమున నుండవలెను. పోరు ముగిసిన పిమ్మటనే క్షతగాత్రులను వెదకి తెచ్చెడివారు. బరువైన బండ్లు బురదబాటలలో దిగబడి, శిబిరము చేరుసరికి 24 గంటలు, ఒక్కొక్కప్పుడు 36 గంటలు గడచుచుండెను. ఈలోపల రక్తము కారిపోయి అనేకులు మరణించుచుండిరి. రోగి వైద్యుని కొరకు వేచియుండరాదు, వైద్యుడే రోగి కడకు పోవలెనని లారే నిశ్చయించుకొనెను.

ఆ సైన్యమున తేలికయైన ఫిరంగులు కొన్ని ఉండెను. గుఱ్ఱములు వానిని రెప్పపాటున ఒకచోటినుండి మరియొకచోటికి లాగికొనిపోవుచుండెను. చంపెడు ఫిరంగి అంత వేగముగా పోగలిగినపుడు, బ్రతికించెడు బండి ఏల పోజాలదని లారే ఆలోచించెను. అధికారుల అనుమతి పొంది, రెండు చక్రముల తేలికబండ్లను చేయించెను. కుదుపు తెలియకుండ వానికి కమానులు బిగించిరి. గాలి వచ్చుటకు కిటికీలు పెట్టిరి. లోపల మెత్తని పరుపు పరచిరి. ఒక్కొక్క బండిలో ఇరువురు పండుకొని పోవచ్చును. వీనికి ఎగురు ఆంబులెన్సులని పేరు వచ్చెను.

బండి యొక్కటియే ప్రాణము కాపాడజాలదని లారే బాగుగా నెరుగును. అందుచేత 1797లో ఇటలీ దేశమున ఆతడు ఒక పెద్ద దళమును తీర్చిదిద్దెను. అందు 340 మంది యుండిరి. దళమును మూడు భాగములు చేసి, ఒక్కొక్క దానికి 12 తేలికబండ్లను, నాలుగు పెద్దబండ్లను ఇచ్చిరి. ప్రతి భాగమున ఒక ముఖ్యవైద్యుడును, అతనికి సహాయులగు వైద్యులును ఉండిరి. క్షతగాత్రులను మోయువారు, బండ్లు తోలువారు, గుఱ్ఱములకు లాడములు కొట్టువారు, జీనులు బాగుచేయువారు వేరువేరుగా నుండిరి. బాకా ఊదువాడు శస్త్రవైద్యుని పనిముట్లను, డోలు వాయించు బాలుడు కట్టుగుడ్డలను మోయవలెను. ఎవరి పని యేదో ముందే నిర్ణయమైయుండుటచే, పిలుపు వచ్చిన క్షణమున తడబాటు లేకుండెను.

ఎవరికి ముందు చికిత్స చేయవలెను? నాటి సైన్యములలో సేనాధిపతికి పిమ్మటనే సామాన్య భటుడు. లారే ఈ ఆచారమును త్రోసిపుచ్చెను. ఎవని గాయము ప్రమాదకరమో వానికే ముందు చికిత్స చేయవలెనని శాసించెను. పదవి యేదైనను, దేశమేదైనను ఆతనికి ఒక్కటియే. శత్రుసైనికుడు సైతము గాయపడిన పిదప ఆతనికి రోగియే.

లారే నెపోలియను వెంట ఎన్నియో దేశములు తిరిగెను. ఈజిప్టు ఎడారిలో చక్రములు సాగనపుడు, ఒంటెలకు ఇరువైపుల పెట్టెలు కట్టి క్షతగాత్రులను మోయించెను. 1809లో ఎస్లింగు పోరు ముగిసిన పిమ్మట, డాన్యూబు నదిలోని దీవిపై వేలకొలది క్షతగాత్రులు ఆహారము లేక చిక్కుకొనిరి. లారే గుఱ్ఱపుమాంసమును సైనికుల ఉక్కుకవచములలో ఉడికించి, ఉప్పు లేకపోగా తుపాకిమందు చల్లి, ఆ రసమును వారికి త్రాగించెను. 1812లో రష్యాయందలి బొరొడినో యుద్ధమున ఒక్క దినములో సుమారు 200 మందికి చెడిన కాలుసేతులను తొలగించెను. నాడు మత్తుమందు లేదు. ఆలస్యమైనచో గాయము కుళ్లి ప్రాణమే పోవును. ఆ దండు వెనుదిరిగి బెరెజినా నదిని దాటునపుడు వంతెనపై భయంకరమైన త్రొక్కిసలాట జరిగెను. అంతటి ఆపదలోను సైనికులు లారేను గుర్తించి, చేతులమీదుగా ఒకరికొకరు అందించుచు ఆవలియొడ్డు చేర్చిరి.

1813లో ఆతనికి మరియొక పరీక్ష యెదురయ్యెను. చేతులకు గాయములైన యువసైనికులు రెండువేలకు పైగా నుండిరి. యుద్ధము తప్పించుకొనుటకై తమ్ము తామే కాల్చుకొనిరని వారిపై నేరము మోపిరి. నేరము రుజువైనచో మరణశిక్ష తప్పదు. సేనాధిపతులకు, చక్రవర్తికి సైతము ఆ అనుమానమే యుండెను. లారే ఒక్కొక్కని గాయమును శ్రద్ధతో పరీక్షించి, అనుభవము లేక వరుసలలో నిలిచి కాల్చుటచే ఆ గాయములు కలిగెనని, వారు నిర్దోషులని తెలిపెను. నెపోలియను కోపించినను ఆతడు మాట మార్చలేదు. తుదకు చక్రవర్తి సత్యమును గ్రహించి లారేను సన్మానించెను.

1815లో వాటర్లూ యుద్ధమున లారే ప్రష్యావారికి చిక్కెను. కాల్చివేయుటకు సిద్ధపడుచుండగా, పూర్వము ఆతని యుపన్యాసములు వినిన ఒక ప్రష్యా వైద్యుడు గుర్తుపట్టెను. ఒకప్పుడు తన కుమారునికి చికిత్స చేసిన మహనీయుడని తెలిసి, ప్రష్యా సేనాని బ్లూషరు ఆతనిని గౌరవముతో విడిపించెను. చేసిన మేలు ఎన్నడును వృథా పోదు. నెపోలియను తన మరణశాసనమున లారేకు లక్ష ఫ్రాంకులు వ్రాసియిచ్చెను. అల్జీరియాయందలి సైనిక వైద్యశాలలను పరీక్షించి తిరిగివచ్చుచు, 1842 జూలై 25న లియాన్ నగరమున లారే కన్నుమూసెను.

యుద్ధరంగమున పుట్టిన ఈ పద్ధతి క్రమముగా నగరములకును ప్రాకెను. 1881లో వియన్నా నగరమున నాటకశాల తగులబడి వందలకొలది జనులు మరణింపగా, మరునాడే అచట స్వచ్ఛంద రక్షకసంఘము వెలసెను. మన తెలుగునాట 2005 ఆగస్టు 15న 108 సేవ ప్రారంభమయ్యెను. పిలుపు నందుకొనువారొకరు, బండి నడుపువారొకరు, దారిలోనే చికిత్స చేయువారొకరు. ఎవరి పని వారిది. గమ్యము మాత్రము ఒక్కటియే. బీద గొప్ప భేదము లేక, పిలిచిన ప్రతివాని కడకు ఆ బండి పరుగెత్తునపుడెల్ల లారే ఆశయము మన కన్నుల యెదుట సాగిపోవుచుండును.