వీరేశలింగము పంతులుగారి హాస్యము

దుఃఖము ఏ దేశమునకు పోయినను దుఃఖమే. బిడ్డను పోగొట్టుకొన్న తల్లి కథను ఏ భాషలో చెప్పినను కన్ను చెమ్మగిల్లును. హాస్యము సంగతి అట్టిది కాదు. ఒక దేశమున సభనంతటిని కడుపుబ్బ నవ్వించిన మాట వేఱొక దేశమున చప్పగా నుండును. ఒక్కొక్కచోట కోపమునుగూడ తెప్పించును. ఈ చిక్కు నెఱిగి, పాశ్చాత్య హాస్యమును తెలుగువారి ముంగిటికి తెచ్చినవారిలో కందుకూరి వీరేశలింగము పంతులుగారు అగ్రగణ్యులు.

పంతులుగారు 1848 ఏప్రిల్ 16న రాజమహేంద్రవరమున సుబ్బారాయుడు, పున్నమ్మ దంపతులకు జన్మించిరి. నాలుగేండ్ల ప్రాయమున తండ్రి గతించెను. తెలుగు, సంస్కృతములతోపాటు ఆంగ్లమునుగూడ అభ్యసించి ఉపాధ్యాయవృత్తి నవలంబించిరి. ధవళేశ్వరమున పనిచేయుచు 1874లో వివేకవర్ధని పత్రికను, 1876లో దానికి తోడుగా హాస్యసంజీవనిని వెలువరించిరి.

అంతకుముందు మనకు హాస్యము లేదనరాదు. నాట్యశాస్త్రము చిఱునవ్వు మొదలు వికటాట్టహాసము వఱకు నవ్వును ఆఱు భేదములుగా విభజించి, మొదటి రెండింటిని ఉత్తములకు, చివరి రెండింటిని అధములకు కేటాయించినది. నాటకములలో విదూషకుడు, తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క తరతరములుగా నవ్వించిరి. పెండ్లియింట బావమఱదులు, వియ్యపురాండ్రు ఒకరినొకరు ఎంతైనను ఎగతాళి చేసికొనవచ్చును. ఇంటిపెద్దను చూచి నవ్వుట మాత్రము అవినయము. ఎవరు ఎవరిని చూచి నవ్వవచ్చునో లోకమే గిరి గీచి యుంచినది.

ఆ గిరి ప్రతి దేశమున ఒకేచోట లేదని పంతులుగారు ఆంగ్లగ్రంథముల వలన గ్రహించిరి. స్విఫ్టు 1726లో ప్రకటించిన గలివరు యాత్రలలో మఱుగుజ్జులు గ్రుడ్డును ఏ కొనవైపున పగులగొట్టవలెనని యుద్ధములు చేయుదురు. ఇంగ్లండులోని మతకలహములను ఎఱిగినవారికి అది కొఱడాదెబ్బ. ఎఱుగని తెలుగు బాలునకు అది వింతకథ మాత్రమే. కావుననే సత్యరాజా పూర్వదేశయాత్రలు వ్రాయునపుడు పంతులుగారు స్విఫ్టు ఉపాయమును గైకొని గుఱిని మార్చిరి. సత్యరాజు చేరిన ఆడుమళయాళమున స్త్రీలదే పెత్తనము. పురుషులు చదువులేక, ఇల్లు కదలక, భార్యల యాజ్ఞకు లోబడి బ్రదుకుదురు. ఆ పురుషుల పాట్లు చూచి నవ్విన పాఠకుడు, తన యింటి స్త్రీలు నిత్యము పడుచున్నవి ఆ పాట్లే యని తెలిసికొని తలవంచుకొనవలసి యుండెను.

నాటకములందును ఈ భేదమే కనబడును. షేక్స్పియరు రచించిన కామెడీ ఆఫ్ ఎర్రర్సును పంతులుగారు చమత్కారరత్నావళిగా తెలుగు చేసిరి. కవలలను చూచి ఒకరి నొకరుగా పొరబడుట ఎచ్చటనైనను నవ్వు పుట్టించును. షేక్స్పియరుగూడ దానిని రోమను కవి ప్లాటసు నుండియే గ్రహించెను. షెరిడను నాటకమగు రైవల్సు అట్లు సులభముగా ఎల్ల దాటునది కాదు. దానిలోని హాస్యము ప్రేమలేఖలపైన, ద్వంద్వయుద్ధములపైన, ఆంగ్లపదములను తాఱుమాఱుగా పలుకు ఒక పెద్దావిడ మాటలపైన ఆధారపడినది. పసిపిల్లలకే పెండ్లిండ్లు జరుగుచున్న సమాజమున ప్రేమలేఖ వ్రాయు కన్య యెక్కడ? పంతులుగారు దానిని కల్యాణకల్పవల్లిగా అనుసరించిరి. మాటకు మాట పెట్టినచో అట్టి హాస్యము నిలువదు.

పరదేశపు నాటకములతో తృప్తి నొందక, పంతులుగారు తెలుగునేలపై పుట్టిన హాస్యమునకే ప్రహసనములలో స్థానమిచ్చిరి. బ్రాహ్మవివాహమున పసిబాలికను పెండ్లాడగోరు ముదుసలిని, వ్యవహారధర్మబోధినిలో న్యాయస్థానపు అక్రమములను వెక్కిరించిరి. ఇంటిపెద్దను, ఊరిపెద్దను చూచి నవ్వరాదన్న గిరిని ఇట్లు దాటిరి.

పరిహాసము అక్షరములలో నున్నంతవఱకు లోకము దానిని ఎట్లో ఓర్చుకొనెను. ఆచరణకు దిగినంతనే ఓర్వలేదు. 1881 డిసెంబరు 11న పంతులుగారు రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహమును జరిపించిరి. బంధువులు దూరమైరి, వంటవారు, నీళ్లు తెచ్చువారు మానివేసిరి. భార్య రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరికి పోయి నీళ్లు మోసిరి. నవ్వించినందుకు చెల్లించిన వెలలో సగము ఆమె భుజముపైననే పడినదనుట అతిశయోక్తి కాదు.

పంతులుగారు 1919 మే 27న చెన్నపురిలో కీర్తిశేషులైరి. అన్యదేశపు హాస్యగ్రంథము చదివి నవ్వు రానపుడు విద్యార్థి ఆ జాతికి రసికత లేదని తలంపరాదు. అచ్చట ఎవరిని చూచి నవ్వుట తప్పో, ఆ తప్పును ఎవరు తెగించి చేసిరో విచారించవలెను. అది తెలిసిననాడు నవ్వు తానే వచ్చును. పిమ్మట తన యింట తాను ఎవరిని చూచి నవ్వుటకు వెనుదీయుచున్నాడో అతనికే బోధపడును.